ముప్పై ఒకటో ఫారం

“దివ్యా! ఆగు!”

వానలో ఆ కేక ఎంతదూరం పోతుంది?

జోసెఫిన్ ఇంకా గట్టిగా తొక్కుతోంది. సైకిల్ చైన్ కిర్రుమంటోంది. రాత్రి ఏడు దాటింది. దరియాలతిప్ప వెళ్ళే గట్టు రోడ్డు మీద కరెంటు లేదు. ఒకపక్క గోదావరి. ఇంకోపక్క రొయ్యల చెరువులు. మధ్యలో గొడుగేసుకుని ఒక్కతే నడిచిపోతోంది దివ్య.

వెనక జీపు వస్తోంది.

కాలేజీ జీపు!

“దివ్యా!”

గొడుగు ఆగింది. వెనక్కి తిరిగింది.

“అదేంటక్కా, నువ్వు వెనక నుంచి వస్తున్నావ్? దరియాలతిప్ప దారిలో ఉన్నావనీ, నన్ను రమ్మన్నావనీ వాచ్‌మన్ చెప్పాడు...”

“నేను రమ్మనలేదు! దిగు! చెరువులోకి దిగు!”

“చెరువులోకా? అక్కా, నా డ్రెస్సు...”

జోసెఫిన్ ఇంక మాటలు పెట్టుకోలేదు. సైకిల్‌ని గట్టు కిందికి తోసేసింది. దివ్య జబ్బ పట్టుకుని లాగేసింది. ఇద్దరూ జారారు. మోకాళ్ళ దాకా బురద. గొడుగు ఎగిరి రోడ్డు మధ్యలో పడింది.

జీపు దాని మీద నుంచే పోయింది.

ఫట్!

గొడుగు ఊచలు విరిగిన చప్పుడు. ఆ వెంటనే బ్రేకులు.

జీపు దిగినవాడు తొందరేమీ పడటం లేదు. టార్చి వేశాడు. రెండో చేతిలో తుపాకి! చెరువుల మీద వాలే కొంగల్ని కొట్టడానికి కాపలావాళ్ళు దాచుకునే నాటు తుపాకి అది.

దుర్గాప్రసాద్.

కాలేజీ సేఫ్టీ ఆఫీసర్. కరెస్పాండెంట్‌గారి బావమరిది. సాయంత్రం ఆరు దాటాక ఆడపిల్లలెవరూ గేటు దాటకుండా చూడటం ఆయన ఉద్యోగం. ఆడపిల్లల తల్లిదండ్రులు వచ్చి ఆయనకి దణ్ణాలు పెట్టి మరీ పోతారు.

“దివ్యా... ఏమ్మా... జారి పడ్డావా?” ఎంత తియ్యగా పిలుస్తున్నాడో! “రా తల్లీ, హాస్టల్లో దింపుతా.”

దివ్య నోరు తెరవబోయింది. జోసెఫిన్ ఆ నోరు మూసేసింది. బురద చేత్తోనే.

టార్చి వెలుతురు నీళ్ళ మీద పాకుతోంది. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

మునగాలి!

ఇద్దరూ మెడ దాకా దిగిపోయారు. ఊపిరి బిగబట్టారు. వెలుతురు వాళ్ళ తలల మీదుగా పోయి, అవతలి గట్టు మీద ఆగింది. అటు వెళ్ళాడు దుర్గాప్రసాద్.

ఇదే అదను!

రెండు చెరువుల మధ్య గట్టు వెంబడి పాకుతూ పోయి, మేత బస్తాలు దాచే రేకుల షెడ్డులో దూరారు. దివ్య మొహం మీది బురద తుడుచుకుంది.

“అక్కా... నేను రాసింది ఆయన చదివాడా?”

జోసెఫిన్ రేకు సందులోంచి బయటికి చూస్తోంది.

“పేరు రాయక్కర్లేదన్నావు. ఎవరు రాశారో దేవుడికి కూడా తెలీదన్నావు. నిన్ను నమ్మి రాశానక్కా!”

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తగలాల్సిందే. తప్పు తనదే.

ఫైనలియర్ స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు. చిన్న కాలేజీ ఊళ్ళలో నేరాలెన్ని, భయమెంత అన్నది టాపిక్. కాలేజీ బ్రోషర్ మీద రంగురంగుల అక్షరాల్లో ఉంటుంది, ‘యానాంలో మా క్యాంపస్ చుట్టుపక్కల మూడేళ్ళుగా నేరాలు సున్నా’ అని. కానీ హాస్టల్లో నూట ఇరవై మందికి ఫారాలిస్తే, ఎనభై మూడు మంది ఆరు దాటితే బయటికి రావాలంటే భయమని రాశారు. నేరం సున్నా, భయం డెబ్బై శాతం! జోసెఫిన్ నవ్వుకుంది కూడా. పిరికి పిల్లలు అనుకుంది.

గైడ్ లక్ష్మణరావు సారు మాత్రం నవ్వలేదు. “భయాన్ని తర్వాత చూద్దువుగాని. ముందు ఆ సున్నా ఎలా వచ్చిందో చూడమ్మా” అన్నాడు.

చూసింది.

పదిహేడో ఫారం. ‘సెప్టెంబరులో ఫస్టియర్ పద్మావతి లారీ యాక్సిడెంట్‌లో పోలేదు. హాస్టల్ వెనకే ఎవరో తల మీద ఇనపరాడ్డుతో కొట్టారు. కిటికీలోంచి చూశాను. కాలేజీ జీపులో వేసుకుని పోయారు.’

ముప్పై ఒకటో ఫారం. ‘కొట్టిన మనిషి మొహం చూశాను. ఎప్పుడడిగినా చెప్తాను.’

పద్మావతి శవం దొరికింది ఊరి పొలిమేర ఆర్చి అవతల. ఆర్చి దాటితే ఆంధ్రా. అక్కడ దొరికింది అక్కడి లెక్కలోకి పోతుంది, యాక్సిడెంట్‌గా. ఇక్కడ సున్నా సున్నాలాగే ఉంటుంది, గుండ్రంగా, ముచ్చటగా. ఎంత చక్కగా కుదిరిందో చూశారా!

ఫారాలు నింపిన రెండు వారాలకి, పదిహేడో ఫారం రాసిన మౌనిక కూడా ఆర్చి అవతలే దొరికింది. తల పగిలి. ఇప్పటికీ కాకినాడ ఆసుపత్రిలో కళ్ళు తెరవలేదు. అందుకే, ‘నువ్వు రమ్మన్నావని దివ్య వెళ్ళింది’ అని ఇవ్వాళ సాయంత్రం హాస్టల్లో పిల్లలు చెప్పగానే జోసెఫిన్ సైకిలెక్కింది.

పేరు లేని కాగితం. మరి మనిషెలా దొరికింది?

ఎలాగంటే, ఒకే పిల్లకి రెండు ఫారాలు పోకూడదు కదా అని మన జోసెఫిన్ వెనకవైపు మూలన పెన్సిల్‌తో నంబర్లు వేసింది. గదికి ముగ్గురు. ఒకటో గదిలో మొదటి మంచం ఒకటి, రెండో మంచం రెండు. అలా వరసగా. పదిహేడంటే ఆరో గది, నడిమి మంచం, మౌనిక. ముప్పై ఒకటంటే పదకొండో గది, మొదటి మంచం, దివ్య. లెక్క తెలిసినవాళ్ళకి రెండు నిమిషాల పని.

హాస్టల్ మేట్రన్ కూతురు కాబట్టి, అమ్మ పక్కనే ఉంది కాబట్టి, ఏ గది తలుపు తట్టినా నమ్మి తెరిచారు. నమ్మి రాశారు.

ఆ వరస తెలిసింది ఇద్దరికే. తనకీ, లక్ష్మణరావు సారుకీ.

సారు!

“ఎవరికీ చెప్పకమ్మా, కాకినాడలో లాయరుతో మాట్లాడతాను” అన్నాడు. ఫారాలన్నీ తీసుకుని బీరువాలో పెట్టుకున్నాడు. తండ్రి లేని పిల్లవని మూడేళ్ళు పుస్తకాలు కొనిచ్చాడు. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది తను! ఏడుపు కాదు, కోపం కాదు. ఛీ అనిపిస్తోంది.

“పద. ఇక్కడుంటే దొరికిపోతాం.”

షెడ్డు వెనకనుంచి కాలవగట్టు ఎక్కారు. పది అడుగులు వేశారో లేదో...

ఎదురుగా లైటు!

స్కూటర్. రెయిన్‌కోటు లేకుండా తడిసి ముద్దయిన మనిషి. కళ్ళజోడు మీద వాననీళ్ళు.

“జోసెఫిన్! నువ్వేనా? అమ్మయ్య! ఎక్కండి, ఇద్దరూ ఎక్కండి!”

లక్ష్మణరావు సారు.

“ఎంతకి అమ్మారు సార్ మమ్మల్ని?”

“ఏంటమ్మా?”

“పదిహేడూ, ముప్పై ఒకటీ! ఎంతకి అమ్మారు?”

“అయ్యో, ఫారాలు నా దగ్గర సీలు తియ్యకుండా ఉన్నాయమ్మా! నే చెప్పేది విను. నువ్వు ఇంటికి మాత్రం...”

వినలేదు. ఒళ్ళంతా బలం తెచ్చుకుని స్కూటర్ హ్యాండిల్‌ని తోసేసింది. స్కూటరూ సారూ కలిసి గట్టు కింద తుప్పల్లోకి దొర్లిపోయారు. “అమ్మా!” అన్న కేక వినిపించింది. చక్రం గాల్లో తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

“పరిగెత్తు దివ్యా!”

ఎక్కడికి?

పోలీస్ స్టేషన్‌కి పోవాలంటే కాలేజీ గేటు ముందునుంచే పోవాలి. గేటు దగ్గర వాచ్‌మన్ దుర్గాప్రసాద్ మనిషే. వెనక జీపు ఉండనే ఉంది. ఇంక మిగిలింది ఒక్కటే చోటు. అడవిపొలం పేట. తన ఇల్లు. అమ్మ.

లోకంలో ఎవరు మోసం చేసినా అమ్మ ఉంది కదా!

పొలాలకడ్డంగా పడి పరిగెడుతున్నారు. దివ్య చెప్పు ఒకటి ఊడిపోయింది. రెండోది తనే విసిరేసింది. కుక్కలు మొరుగుతున్నాయి. వెనక ఎక్కడో జీపు ఇంజను వినిపిస్తోంది... ఆగుతోంది... మళ్ళీ వినిపిస్తోంది...

ఇల్లు!

దబదబా బాదింది.

తలుపు తెరుచుకుంది. కొవ్వొత్తి వెలుగులో అమ్మ తెరేసా మొహం. రాత్రిళ్ళు డ్యూటీ లేదు ఆమెకి, ఆరింటికే వచ్చేస్తుంది.

“ఓసి నా తల్లో! ఏటే ఈ అవతారం? రండి, లోపలికి రండి!”

“అమ్మా, దుర్గాప్రసాద్ వెంటపడ్డాడు. తుపాకుంది. దివ్యని చంపేస్తాడు!”

తెరేసా ఒక్క క్షణం కూతుర్ని చూసింది. దివ్యని చూసింది. శిలువ గుర్తు వేసుకుంది.

“కూకోండి. తడి తుడుచుకోండి. పక్కింటి అమ్మన్నగారింట్లో ఫోనుంది కదా, స్టేషన్‌కి చేసేసి వత్తాను.”

“జాగ్రత్తమ్మా!”

“నాకేమవుద్దే? తలుపేసుకో.”

రెండు నిమిషాల్లో వచ్చేసింది. కొంగు పిండుకుంటూ, “వత్తన్నారంట. పది నిమిషాలు” అంది.

జోసెఫిన్ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఇవ్వాళ సాయంత్రం నుంచి మొదటిసారి.

తెరేసా తువ్వాలు తెచ్చింది. టీ పెట్టి తెచ్చింది. గోడకున్న నల్ల రెయిన్‌కోటు తీసి దివ్య పక్కన పెట్టింది. “ఆళ్ళ జీపు రాగానే నువ్వే ముందెళ్ళి ఎక్కాలి. ఇది వేసుకో. మళ్ళీ తడిత్తే జొరమొత్తాది.”

“థాంక్స్ ఆంటీ...”

దివ్యకి ఇప్పుడొచ్చింది ఏడుపు. గ్లాసు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. తెరేసా ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి నిమిరింది. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

“ముత్యాల్లాంటి రాత నీది. బుద్ధిగా చదూకునే పిల్లవి. ఎందుకు రాశావమ్మా అయన్నీ?”

జోసెఫిన్ చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

ఫారాల సంగతి అమ్మకి చెప్పలేదు!

దివ్య రాసిందనీ చెప్పలేదు! ఆ రాత ఎలా ఉంటుందో అమ్మకెలా తెలుసు?

ఎలాగంటే... గదిగదికీ పక్కన నడిచింది అమ్మే. ఏ మంచానికి ఏ నంబరు పడుతోందో చూసింది అమ్మే. నిండిన ఫారాలు సారు దగ్గరికి వెళ్ళే ముందు రెండు రాత్రులు ఈ ఇంట్లోనే, ఆ మంచం కింద పెట్టెలోనే ఉన్నాయి. తెలిసినవాళ్ళని లెక్కపెట్టినప్పుడు జోసెఫిన్ అమ్మని లెక్కలో వెయ్యలేదు. అమ్మని ఎవరు లెక్కేస్తారు?



“అమ్మా. ఒకసారి వంటింట్లోకి రా.”

గొంతు మామూలుగానే వచ్చింది. ఎలా వచ్చిందో తనకే తెలీదు.

వంటింట్లో పొయ్యి వెలుగు తప్ప ఏమీ లేదు. వీధివైపు చిన్న కిటికీ. చెక్క ఊచలు.

“ఫోన్ ఎవరికి చేశావ్?”

తెరేసా తలుపు సందులోంచి దివ్యవైపు చూసింది.

“ఎవరికమ్మా?!”

“గట్టిగా అరవకే.” తెరేసా గొంతు గుసగుసలా ఉంది. “ముందు నీ పేరే అన్నాడే ఆయన. నీ కూతురు ఊరంతా కెలుకుతోంది, దాన్నీ ఆర్చి దాటించేత్తానన్నాడు. ఏం చెయ్యమన్నావ్ నన్ను? మీ నాన్న పోయాక నువ్వొక్కదానివే కదే నాకు! నీ పెట్టె తీసి రాత్రంతా కూకుని చదివాను. నీ బదులు రెండు నంబర్లు చెప్పాను. అంతే!”

“అంతేనా? మౌనిక తల పగిలిందమ్మా!”

“బెదిరిత్తానన్నాడు. కొడతాననలేదు.”

“మరి ఇవ్వాళ? ఇవ్వాళ ఏం చేస్తానన్నాడు?”

తెరేసా పొయ్యివైపు చూస్తోంది.

“ఆ పిల్లకి నువ్వే తువ్వాలిచ్చావు. నువ్వే టీ ఇచ్చావు...”

“ఆయన జేబులో సెల్‌ఫోన్‌కి చేసి, నల్ల కోటేసుకుని మొదట గడప దాటేది ఆ పిల్లేనని చెప్పాను. నిన్ను ముట్టుకోడు జోసీ. కనకదుర్గమ్మ మీద ఒట్టేయించుకున్నాను.” చేతులు పట్టుకుంది. “నువ్వు బతికుండాలే. నన్ను తిట్టుకో, కొట్టు. కానీ బతికుండు!”

ఎప్పుడూ పాత చీరే కట్టుకుని తనకి కొత్త బట్టలు కొన్న అమ్మ. జ్వరం వస్తే తెల్లవార్లూ పక్కన కూర్చున్న అమ్మ. ఆ చేతులే ఇవి. జోసెఫిన్‌కి అమ్మ మీద అసహ్యం వేస్తోంది. అమ్మని కౌగిలించుకుని ఏడవాలనీ ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో, ఉన్నాయి.

చేతులు విడిపించుకుంది. ఒక్క అడుగు వెనక్కి వేసింది. గడప దాటింది.

తలుపు లాగింది. బయట గడియ పెట్టేసింది!

“జోసీ! ఏటే ఇది? జోసీ!”

అప్పుడే వెనకవైపు తలుపు మీద చిన్నగా చప్పుడు.

టక్... టక్...

“జోసెఫిన్... నేనమ్మా...”

లక్ష్మణరావు సారు! నుదురు చీరుకుపోయి రక్తం కారుతోంది. ఒక కాలు ఈడుస్తున్నాడు. కళ్ళజోడు లేదు.

“ఇంటికి మాత్రం వెళ్ళొద్దని చెబుదామనే వచ్చానమ్మా గట్టు మీదికి. సాయంత్రం దివ్య కోసం నువ్వు హాస్టల్ నుంచి అలా పరిగెత్తావని తెలిసి, ఇంకెవరికి ఆ వరస తెలుసా అని ఆలోచించాను. మీ అమ్మగారు తప్ప...”

“తెలిసింది సార్.”

ఆయన కాళ్ళ మీద పడాలి. టైము లేదు.

“స్కూటరుందా?”

“సందు చివర ఆగిపోయింది. స్టార్టవుతుందో లేదో తెలీదు.”

“దివ్యని తీసుకెళ్ళండి. తిన్నగా స్టేషన్‌కే. జీపు ఇటే వస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉంటాడు, స్కూటర్ని ఆపలేడు. దివ్యా, చూసిందంతా అక్కడ చెప్పు. ఒక్క ముక్క వదలకుండా చెప్పు!”

“నువ్వో అక్కా?”

“నన్ను ముట్టుకోడంట. ఒట్టేశాడంట.” నవ్వబోయింది. రాలేదు. “పో!”

దివ్య ఒక్కసారి గట్టిగా వాటేసుకుంది. చీకట్లో కలిసిపోయింది.

వీధిలో ఇంజను.

హారన్. రెండుసార్లు.

జోసెఫిన్ నల్ల రెయిన్‌కోటు తొడుక్కుంది. టోపీ కళ్ళ దాకా లాక్కుంది. పది నిమిషాలు కావాలి సారుకి. ఆ కుంటి కాలుతో సందు చివరికి చేరాలి, స్కూటర్ని తన్నాలి, అది కదలాలి. కనీసం ఐదు నిమిషాలైనా కావాలి.

తలుపు తీసింది. గడప దాటింది.

హెడ్‌లైట్లు కళ్ళల్లో కొట్టాయి.

నెమ్మదిగా నడుస్తోంది. వాకిట్లో నీళ్ళు నిలిచాయి. ఒక అడుగు... ఆగింది. ఇంకో అడుగు...

“బాబ్బాబూ, ఇంటికి దూరంగా తీసుకుపోండి!” వంటింటి కిటికీలోంచి అమ్మ గొంతు. “నా కూతురు చూడకుండా!”

అమ్మ ఇంకా దివ్యే అనుకుంటోంది!

“రా అమ్మా, రా.” దుర్గాప్రసాద్ జీపు ముందు నిలబడి ఉన్నాడు. తుపాకి ఒళ్ళో పాపలా పట్టుకున్నాడు. “ఎంతసేపు తిప్పావ్ తల్లీ వానలో!”

మూడడుగుల దూరం.

జోసెఫిన్ టోపీ వెనక్కి తీసేసింది.

“నేనండీ. తెరేసాగారి అమ్మాయిని.”

దుర్గాప్రసాద్ ఉలిక్కిపడలేదు. టార్చి మొహం మీద వేసి చూసి నవ్వాడు!

“తెలుసు. నడక చూస్తే తెలీదా? సరేలే. నువ్వు ముందొచ్చావ్, అది తర్వాతొస్తుంది. వరసదేముంది?”

“మా అమ్మకి ఒట్టేశారు.”

“మీ అమ్మకా?” మళ్ళీ నవ్వాడు. “పిచ్చిది. ఆ రెండు కాయితాలూ చదివినదానివి నువ్వు. నిన్నెలా వదుల్తాననుకుంది?”

వంటింట్లోంచి ఒక కేక!

“జోసీ...! దుర్గాప్రసాద్‌గారూ, అది నా కూతురండీ! అది కాదండీ! ఒట్టేశారండీ!” కిటికీ ఊచలు పట్టుకుని ఊపేస్తోంది తెరేసా. “తలుపు తియ్యే జోసీ! గడియ తియ్యవే!”

దుర్గాప్రసాద్ తుపాకి ఎత్తాడు.

అప్పుడు... వెనక సందులో...

డుర్ర్...ర్... ఆగిపోయింది.

డుర్ర్...ర్ర్...

స్టార్టయింది!

దుర్గాప్రసాద్ తల అటు తిరిగింది. ఒక్క క్షణం. అంతే చాలు.

జోసెఫిన్ దూకింది. రెండు చేతులా తుపాకి గొట్టం పట్టుకుంది. తడి ఇనుము. జారుతోంది. వదల్లేదు. వాడు మోచేత్తో మొహం మీద పొడిచాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. వదల్లేదు! సారు వెళ్ళాలి. దివ్య వెళ్ళాలి. ఉన్న బలమంతా పెట్టి గొట్టాన్ని తన గుండెల మీద నుంచి పక్కకి తోసేసింది...

ఢాం!

చెవులు గింగురుమన్నాయి.

వాడు వెనక్కి తూలాడు. తుపాకి జోసెఫిన్ చేతుల్లో ఉండిపోయింది. పక్కింటి తలుపు తెరుచుకుంది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. లాంతర్లు. టార్చిలు. “ఏంటది? ఎవర్రా అది?” అమ్మన్నగారి గొంతు. దుర్గాప్రసాద్ జీపువైపు పరిగెత్తబోయాడు. నలుగురు అడ్డం పడ్డారు.

స్కూటర్ చప్పుడు రోడ్డెక్కింది. దూరమైపోయింది. దివ్య వెళ్ళిపోయింది!

జోసెఫిన్ తన ఒళ్ళు తడుముకుంది. ఎక్కడా దెబ్బ లేదు. తనకి ఏమీ కాలేదు.

“అమ్మా, వాడు దొరికాడే!”

అమ్మ పలకలేదు.

జోసెఫిన్ కిటికీవైపు తిరిగింది. రెండు ఊచలు గుండు దెబ్బకి విరిగి ఉన్నాయి. వాటిని పట్టుకున్న చేతులు లేవు.

“అమ్మా?”

గుమ్మంలోకి పరిగెత్తింది. వంటింటి తలుపుకి గడియ తను పెట్టింది పెట్టినట్టే ఉంది.